జూద వ్యసనం: వందకు ఎంతమంది?

జూదం వల్ల బతుకు దెబ్బతిన్నవాళ్లు బ్రిటన్‌లో ఎంతమంది? ఈ ప్రశ్నకు అక్కడి అధికారిక సర్వేలే రెండు వేర్వేరు జవాబులు చెప్పాయి. 2021 నాటి ఇంగ్లండ్ ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 0.3 శాతం. 2023లో సమాచారం సేకరించి, 2024 జులైలో జూద నియంత్రణ కమిషన్ విడుదల చేసిన కొత్త సర్వే ప్రకారం 2.5 శాతం. మొదటిది ఇంగ్లండ్‌కే పరిమితం. రెండోది స్కాట్లండ్‌ను, వేల్స్‌ను కూడా కలుపుకొంది. అయినా ఆ రెండు చిన్న ప్రాంతాలు చేరినంత మాత్రాన అంకె ఎనిమిది రెట్లు పెరగదు. లెక్క సులువుగా ఉండటానికి ఐదు కోట్ల మంది పెద్దవాళ్లు ఉన్నారనుకుంటే, మొదటి అంకె ప్రకారం బాధితులు లక్షన్నర మంది, రెండోదాని ప్రకారం పన్నెండున్నర లక్షల మంది. లక్షన్నర మందికి వైద్యం ఏర్పాటు చేయడం వేరు, పన్నెండున్నర లక్షల మందికి చేయడం వేరు. పన్నులు, ప్రకటనల మీద ఆంక్షలు, పందేల పరిమితులు అన్నీ ఈ అంకె మీదే ఆధారపడతాయి.

రెండేళ్లలో దేశమంతా జూదంలో కూరుకుపోయిందా అంటే, అదేం లేదు. ఇంకా ఆశ్చర్యమేమిటంటే, రెండు సర్వేలూ అడిగినవి ఒకే తొమ్మిది ప్రశ్నలు.

ఆ ప్రశ్నల పట్టీ కెనడాలో పుట్టింది. జాకీ ఫెరిస్, హెరాల్డ్ విన్ 2001లో దాన్ని తయారుచేశారు. పరిశోధకులు పీజీఎస్ఐ అని పిలిచే ఈ పట్టీ గడిచిన పన్నెండు నెలల గురించే అడుగుతుంది. పోతే తట్టుకోలేనంత డబ్బు పందెం కాశారా? మునుపటి హుషారు రావడానికి ఇంకా పెద్ద మొత్తం పెట్టాల్సి వచ్చిందా? పోయిన డబ్బు రాబట్టుకోవాలని మరో రోజు మళ్లీ ఆడారా? ఆడటానికి అప్పు చేశారా, ఏమైనా అమ్మారా? ఈ ఆట మీకు సమస్యగా మారిందేమోనని అనిపించిందా? ఒత్తిడి, ఆందోళన లాంటి ఆరోగ్య సమస్యలు వచ్చాయా? ఎవరైనా తప్పుబట్టారా? మీకు గానీ, ఇంట్లోవాళ్లకు గానీ డబ్బు ఇబ్బంది వచ్చిందా? తప్పు చేస్తున్నానన్న బాధ కలిగిందా? ఎప్పుడూ లేదంటే 0, అప్పుడప్పుడు అంటే 1, చాలాసార్లు అంటే 2, దాదాపు ఎప్పుడూ అంటే 3 మార్కులు. మొత్తం 27. సున్నా వస్తే సమస్య లేనట్టు. ఒకటి, రెండు అయితే తక్కువ ముప్పు. మూడు నుంచి ఏడు దాకా మధ్యస్థం. ఎనిమిది, ఆపైన వస్తే అది సమస్యాత్మక జూదం. పత్రికల శీర్షికలకెక్కే శాతం ఈ చివరి వర్గానిదే.

ఆ మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. పేకాట దగ్గరైనా, క్రికెట్ బెట్టింగ్ దగ్గరైనా తరచుగా వినిపించే మాట ఒకటుంది: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని. జూద వ్యసనానికి చికిత్స చేసేవాళ్లు ముందుగా వెతికే లక్షణాల్లో ఇదొకటి. గెలుపు ఆశతో ఆడేవాడు ఆట ముగిశాక లేచిపోగలడు. పోయింది రాబట్టుకోవడానికి ఆడేవాడికి లేచే సమయమంటూ ఉండదు. ఓడిన ప్రతిసారీ రాబట్టుకోవాల్సిన బాకీ పెరుగుతూనే ఉంటుంది.

ఇక ఎనిమిది అన్న గీత విషయం. అది ప్రకృతి గీసిన గీత కాదు, పరిశోధకులు గీసింది. జల్లెడ కన్ను మారిస్తే కింద పడే పిండి మారినట్టే, గీత ఇటో అటో జరిపితే బాధితుల సంఖ్య మారిపోతుంది. తొమ్మిది ప్రశ్నలకూ ‘అప్పుడప్పుడు’ అని చెప్పిన మనిషికి 9 మార్కులు వస్తాయి, బాధితుల లెక్కలో చేరతాడు. అప్పు, ఇంట్లో డబ్బు ఇబ్బంది అన్న రెండు ప్రశ్నలకే ‘దాదాపు ఎప్పుడూ’ అని చెప్పి, మిగతా ఏడింటికీ లేదన్న మనిషికి వచ్చేది 6. అతను మధ్యస్థంలోనే ఆగిపోతాడు. వీళ్లిద్దరిలో ఎవరి ఇల్లు ఎక్కువ కుంగిందో ఆ మొత్తం చెప్పలేదు. వేల మందిని కలిపి చూసి, పోకడ పెరుగుతోందా తగ్గుతోందా తెలుసుకోవడానికి ఈ కొలత పనికొస్తుంది. ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి తీర్పు చెప్పడానికి చాలదు. ఆ పని వైద్యుడిది.

వైద్యులకూ జూద వ్యసనాన్ని కొలవడం కొత్తదే. అమెరికా మనోరోగ వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో జూద వ్యసనాన్ని మొదటిసారి చేర్చింది 1980లో. అప్పట్లో దాన్ని కోరికను అదుపు చేసుకోలేని జబ్బుల కింద వేశారు. 2013లో వచ్చిన ఆ గ్రంథం ఐదో కూర్పు డీఎస్ఎం-5 దాన్ని మద్యం, మాదకద్రవ్యాలున్న అధ్యాయంలోకి మార్చింది. ఒంట్లోకి ఏ పదార్థమూ పోకుండానే వ్యసనం పట్టుకోగలదని ఆ గ్రంథం ఒప్పుకున్నది ఈ ఒక్క జబ్బు విషయంలోనే. ఆ మార్పులో కొలత కూడా మారింది. అంతకుముందు పది లక్షణాల్లో ఐదు ఉండాలి. ఇప్పుడు తొమ్మిదిలో నాలుగు చాలు. జూదం కోసం నేరం చేయడం అన్న లక్షణాన్ని పట్టీలోంచి తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వర్గీకరణ ఐసీడీ-11 అయితే ప్రధానంగా ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకు, బయట ఆడేవాళ్లకు వేర్వేరు సంకేతాలే ఇచ్చింది.

గ్రంథాలు కొత్తవైనా లక్షణాలు పాతవే. ఋగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం ఒక జూదరి గోడు. ఇక ఆడనని అనుకుంటాడు, పాచికల చప్పుడు వినగానే అటే పోతాడు. మనసంతా వాటి మీదే. భార్య దూరమైంది, అత్త అసహ్యించుకుంటోంది. అప్పుల భయంతో, డబ్బు వెతుక్కుంటూ రాత్రిపూట పరాయి ఇళ్లకు వెళతాడు. ఎప్పుడూ ఆట ధ్యాసే, మానాలనుకున్నా మానలేకపోవడం, బంధాలు చెడటం, డబ్బుకు ఇతరుల మీద ఆధారపడటం. డీఎస్ఎం-5 తొమ్మిదిలో నాలుగు అక్కడే కనిపిస్తున్నాయి, నిర్ధారణకు కావాల్సిందీ నాలుగే. వేల ఏళ్ల కిందటి కవికి తెలిసిన మనిషే నేటి ఆస్పత్రి గదిలోనూ కూర్చుంటున్నాడు. తెలియనిదల్లా అలాంటివాళ్లు వందకు ఎంతమంది అన్నదే.

ఆ లెక్క తేల్చడానికి వాడిన ఒక సాధనం ఆస్పత్రి నుంచి జనంలోకి వచ్చింది. అక్కడే ఒక చిక్కు పడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ ఓక్స్ ఆస్పత్రిలో హెన్రీ లెసియర్, షీలా బ్లూమ్ 1987లో ఒక ప్రశ్నావళి ప్రకటించారు. ఇరవై అంశాలు, ఐదు గానీ, ఆపైన గానీ వస్తే వ్యసనం ఉండొచ్చని అర్థం. చికిత్సకు వచ్చినవాళ్లలో జూదరులను గుర్తించడానికి తయారైన ఈ సాధనాన్ని చాలా దేశాలు మామూలు జనం మీద సర్వేలకు వాడాయి. ఆస్పత్రిలో బాగా పనిచేసిన పరీక్ష ఊళ్లో ఎందుకు తడబడుతుందో ఒక ఊహాలెక్కతో తెలుస్తుంది. పది వేల మంది ఉన్న ఊళ్లో నిజంగా వ్యసనం ఉన్నవాళ్లు వంద మంది అనుకుందాం. పరీక్ష వాళ్లలో 90 మందిని పట్టుకుంటుంది. వ్యసనం లేని 9,900 మందిలో 5 శాతం మందిని మాత్రం పొరపాటున ఉన్నట్టు చూపిస్తుంది. ఆ 5 శాతమే 495 మంది. మొత్తం 585 మంది జాబితా తేలుతుంది, అందులో నిజమైనవాళ్లు 90 మందే. పరీక్ష చెడ్డది కాదు, జబ్బు అరుదైనది. అరుదైన దేన్ని జనంలో వెతికినా కొద్దిపాటి పొరపాటే అసలు సంఖ్యను మింగేస్తుంది. సౌత్ ఓక్స్ ప్రశ్నావళి సాధారణ జనంలో ఎక్కువ చూపిస్తుందన్న విమర్శకు మూలం ఇదే. పీజీఎస్ఐ లాంటి పట్టీలు తర్వాత పుట్టుకొచ్చిందీ అందుకే.

మళ్లీ బ్రిటన్‌కు వద్దాం. ప్రశ్నలు ఒకటే అయినప్పుడు 0.3 ఎక్కడ, 2.5 ఎక్కడ? తేడా చాలావరకు అడిగిన తీరులో ఉండొచ్చు.

ఇంగ్లండ్ ఆరోగ్య సర్వేలో మామూలుగా సర్వే ప్రతినిధి ఇంటికి వెళ్లి బీపీ, బరువు, సిగరెట్లు, మద్యం గురించి మాట్లాడేవారు. జూదం ప్రశ్నలున్న పుస్తకాన్ని ఇచ్చి స్వయంగా నింపమనేవారు. పక్క గదిలో, ఒక్కోసారి పక్క కుర్చీలోనే భార్యో భర్తో తల్లిదండ్రులో ఉంటారు. ఇంట్లో తెలియకుండా అప్పు చేసిన మనిషి ఆ పుస్తకంలో ఎంత నిజం రాస్తాడు? కొత్త సర్వేలో ఇంటికి ఉత్తరం వస్తుంది. ఆన్‌లైన్‌లోనో, కాగితం మీదో ఎవరికి వారు జవాబులు పంపుతారు. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి దాచుకోవాల్సిన పని తక్కువ. కానీ దీనికీ ఒక లోపముంది. ఉత్తరం అందినవాళ్లలో స్పందించింది సుమారు 19 శాతమే. సర్వే జూదం గురించని తెలిశాక ఎవరికి ఆసక్తి కలుగుతుంది? ఆడేవాళ్లకే. లాటరీ టికెట్ కూడా కొనని పెద్దాయన ఆ ఉత్తరాన్ని పక్కన పడేస్తాడు. రోజంతా ఫోన్‌లో ఉండేవాళ్లు ఆన్‌లైన్ సర్వేకు తేలిగ్గా జవాబిస్తారు. ఆన్‌లైన్ జూదం ఆడేదీ ఎక్కువగా వాళ్లే.

అంటే పాత సర్వేలో నిజం దాగిపోయి అంకె తగ్గి ఉండొచ్చు, కొత్త సర్వేలో ఆడేవాళ్లే ఎక్కువగా చేరి అంకె పెరిగి ఉండొచ్చు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సర్వే పద్ధతుల ఆచార్యుడు పాట్రిక్ స్టర్గిస్ ఈ కొత్త సర్వేను 2024లో సమీక్షించారు. తయారుచేసిన పద్ధతిని మెచ్చుకుంటూనే, ఈ తేడాకు కారణాలు తేలేదాకా అంకెను జాగ్రత్తగా వాడమన్నారు. అంతకు రెండేళ్ల ముందే ఆయన, యౌని కూహా కలిసి బ్రిటన్‌లో వచ్చిన పలు సర్వేలను పోల్చి, ఆన్‌లైన్‌లో చేసిన ప్రతిచోటా అంకె పెరుగుతోందని చూపించారు.

కెనడా పరిశోధకుడు రాబర్ట్ విలియమ్స్, అమెరికాకు చెందిన రేచల్ వోల్బర్గ్ 2009లో ప్రకటించిన ఒక పరిశోధన ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఒకే సర్వేను కొందరికి ‘ఆరోగ్యం, వినోదాల సర్వే’ అని, మరికొందరికి ‘జూదం సర్వే’ అని పరిచయం చేశారు. పేరు మార్చినంత మాత్రానే బాధితుల శాతం రెండింతలు దాటింది. అందుకే వీళ్లు తర్వాత వివిధ దేశాల సర్వేలు రెండు వందలకు పైగా సేకరించి, పద్ధతుల్లోని తేడాలను సరిచేసి పోల్చారు. 2012లో వచ్చిన ఆ నివేదికలో ఏడాది కాలపు శాతం దేశాన్ని బట్టి 0.5 నుంచి 7.6 దాకా ఉంది. సగటు 2.3. రెండు దేశాల అంకెలు పక్కపక్కన పెట్టి ఒక దేశాన్ని జూదాల దేశమని తేల్చేసే వార్తలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇంకో మలుపు ఉంది, అది తెలుగు పాఠకులకు బాగా తెలిసిన మలుపు. చాలా సర్వేల్లో తొమ్మిది ప్రశ్నలకు ముందు ఒక వడపోత ప్రశ్న ఉంటుంది: గత ఏడాదిలో ఏదైనా జూదం ఆడారా? లేదంటే అక్కడితో సరి. ఇప్పుడు ఈ ప్రశ్నను సంక్రాంతికి భీమవరం దగ్గర బరిలో కోడి మీద పందెం కాసిన మనిషిని అడిగితే ఏమంటాడు? అది పండగ ఆచారం, జూదమేమిటంటాడు. ఫోన్‌లో రమ్మీ ఆడేవాళ్లను అడిగితే అది నైపుణ్యం ఉన్న ఆట అంటారు. వాళ్ల మాటకు సుప్రీంకోర్టు అండ కూడా ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ తీర్పులో, 1968లో న్యాయస్థానం రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా గుర్తించింది. తర్వాతి దశాబ్దాల్లో దేశంలో పుట్టిన ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం ఆ మాట చుట్టూనే తిరిగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాక కూడా వాదన ఆగలేదు.

ఆట నైపుణ్యమా, అదృష్టమా అన్నది కోర్టు ప్రశ్న. అప్పు అయిందా, నిద్ర చెడిందా, ఇంట్లో గొడవ జరిగిందా అన్నది ఆరోగ్య ప్రశ్న. ఆ తొమ్మిదింట్లో ఒక్కటి కూడా నైపుణ్యం ఊసెత్తదు. నైపుణ్యం ఉందన్న నమ్మకం ఆటగాడిని మరింత సేపు కూర్చోబెడుతుంది, ఈసారి పొరపాటు సరిచేసుకుంటే గెలుస్తానని ఆశ పెడుతుంది. కాబట్టి మంచి సర్వే ‘జూదం’ అన్న మాట ఎత్తదు. ఆటలను పేరుపేరునా అడుగుతుంది. డబ్బు పెట్టి రమ్మీ ఆడారా, మూడుముక్కలాట ఆడారా, క్రికెట్ మీద బెట్టింగ్ కాశారా, ఫాంటసీ జట్టు కట్టారా, కోడి మీద కాశారా, మట్కా నంబరు రాశారా, లాటరీ కొన్నారా అని.

కాలం కూడా అంకెను మారుస్తుంది. ‘జీవితంలో ఎప్పుడైనా’ అని అడిగితే ఒక సంఖ్య, ‘ఈ ఏడాదిలో’ అంటే ఇంకో సంఖ్య. ఒకసారి జూదరి అయితే జీవితాంతం జూదరే అన్న నమ్మకం జనంలో గట్టిగా ఉంది, అది పూర్తిగా నిజం కాదు. వెండీ స్లట్స్కీ 2006లో అమెరికాలోని రెండు జాతీయ సర్వేల సమాచారం పరిశీలించి, ఒకప్పుడు వ్యసనం ఉన్నవాళ్లలో మూడో వంతుకు పైగా గత ఏడాదిలో ఏ లక్షణమూ లేకుండా ఉన్నారని చూపించారు. ఒకప్పుడు వ్యసనం ఉన్నవాళ్లందరిలో చికిత్స కోరినవాళ్లు 7 నుంచి 12 శాతమే. అంటే చాలామంది వైద్యుడి గడప తొక్కకుండానే బయటపడ్డారు. ఆస్పత్రి రికార్డులు చూసి వ్యసనం ఎంత ఉందో అంచనా వేయడం ఎంత పొరపాటో కూడా ఇదే చెబుతుంది. సాయం ఉంటే బయటపడటం ఇంకా సులువు. మన దేశంలో 2022 నుంచి నడుస్తున్న మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అయితే బయటపడినవాళ్లు మళ్లీ జారిపోయే అవకాశమూ ఎక్కువే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2008లో మొదలైన సర్వే ఒకే మనుషులను ఏడాది తర్వాత మళ్లీ కలిసింది. ఆ ఏడాదిలో కొత్తగా సమస్యాత్మక వర్గంలో చేరినవాళ్లలో మూడింట ఒక వంతు మందికే అది మొదటిసారి. మిగతావాళ్లు ఒకప్పుడు బయటపడి తిరిగి వచ్చినవాళ్లు. రెండు సర్వేల్లో ఒకే శాతం కనిపించినా లోపల మనుషులు మారిపోతూ ఉంటారు. ఒక ఏడాది ఒక శాతం అంటే, పదేళ్లలో ఈ బాధ తాకిన ఇళ్లు అంతకన్నా చాలా ఎక్కువ.

మనుషులను అడగకుండా డబ్బును అడిగే దారి ఇంకొకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నవోమీ మగుల్టన్, సహచరులు 2021లో లాయిడ్స్ బ్యాంకు ఖాతాదారులు 65 లక్షల మంది దాకా చేసిన లావాదేవీలను, పేర్లు లేకుండా, పరిశీలించారు. జూదం మీద అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టిన ఒక శాతం మంది తమ ఆదాయంలో 58 శాతం అక్కడే పోశారు. కొద్ది మొత్తాలు పెట్టేవాళ్లలో కూడా ఖర్చు పెరిగేకొద్దీ బాకీలు కట్టలేకపోవడం, అప్పుల మీద అప్పులు పెరగడం కనిపించాయి. ఎనిమిది మార్కుల దగ్గర ఉన్నట్టుండి మొదలయ్యే గోడ ఏదీ ఆ ఖాతాల్లో లేదు. బ్రిటన్ ఎగువ సభ కమిటీ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, జూద పరిశ్రమ లాభాల్లో 60 శాతం వచ్చేది ఐదు శాతం మంది నుంచే. వాళ్లు ఇప్పటికే సమస్యలో ఉన్నవాళ్లు, లేదా ఆ ముప్పు అంచున ఉన్నవాళ్లు. బాధితుల శాతం చిన్నదే కదా అని వ్యాపారులు చెప్పే మాటకు ఈ రెండో లెక్కను కూడా చేర్చి చదవాలి.

సగటు ఎంత దాచిపెడుతుందో మన దేశపు అంకెలే చూపిస్తాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆమోదించినప్పుడు కేంద్ర ప్రభుత్వం ఒక అంచనా ఇచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల వల్ల 45 కోట్ల మంది నష్టపోతున్నారు, పోయింది 20 వేల కోట్ల రూపాయలకు పైగా అని. భాగించి చూస్తే మనిషికి సుమారు 440 రూపాయలు. ఆ అంకె చూసి ఎవరికీ నిద్ర చెడదు. కానీ అందరికీ పోయేది అంతే కాదు. కోట్ల మంది యాభై, వంద పోగొట్టుకుంటే, కొన్ని ఇళ్లలో పెళ్లికని దాచిన డబ్బు, ఎకరం పొలం, తాకట్టు పెట్టిన నగలు పోతాయి. ఆ రెండో రకం ఇళ్లు ఎన్నో చెప్పని లెక్క అసలు బాధను చూపించదు.

అసలు లెక్కపెట్టాల్సింది జూదరులనా, జరిగిన కీడునా అన్న వాదం ఇక్కడే మొదలవుతుంది. విక్టోరియాలోనే మాథ్యూ బ్రౌన్, సహచరులు 2016లో జూదం వల్ల కలిగే కీడును ఆరోగ్య శాస్త్రవేత్తలు జబ్బుల భారాన్ని కొలిచే పద్ధతిలో కొలిచారు. మొత్తం కీడులో దాదాపు సగం తక్కువ ముప్పు వర్గానిదే అని తేలింది. ఒక్కొక్కరికి జరిగే నష్టం చిన్నది, మనుషులు మాత్రం చాలామంది. సమస్యాత్మక వర్గం వాటా ఆరో వంతు లోపే. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. సినిమాకు పెట్టాల్సిన డబ్బు పందెంలో పోయిందన్న విచారాన్ని, ఇల్లు అమ్ముకోవడాన్ని ఒకే తక్కెడలో తూచడం సరికాదని వాళ్ల అభ్యంతరం. అందులో న్యాయముంది. అయినా ఈ వాదం వల్ల ఒక మేలు జరిగింది: జూదరి చుట్టూ ఉన్నవాళ్లు లెక్కలోకి వచ్చారు. ఆస్ట్రేలియాలో 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం సమస్యాత్మక జూదరి ఒక్కడి వల్ల సగటున ఆరుగురు దెబ్బతింటారు. వాళ్లెవరూ ఆ తొమ్మిది ప్రశ్నలకు జవాబు చెప్పరు.

ప్రపంచం మొత్తానికి ఒక అంచనా 2024లో వచ్చింది. లాన్సెట్ పబ్లిక్ హెల్త్ నియమించిన నిపుణుల బృందం 68 దేశాలు, ప్రాంతాల సర్వేలను కలిపి చూసి, పెద్దవాళ్లలో జూద వ్యసనం లేదా సమస్యాత్మక జూదం ఉన్నవాళ్లు 8 కోట్ల మంది ఉండొచ్చని అంది. వందకు 1.4 మంది. ఆ సగటు కన్నా ముఖ్యమైనది అదే నివేదికలో ఇంకొకటి ఉంది. ఆన్‌లైన్ కేసినో, స్లాట్ ఆటలు ఆడే పెద్దవాళ్లలో వ్యసనపరులు దాదాపు 16 శాతం, అవే ఆడే కౌమార వయసు పిల్లల్లో 26 శాతానికి పైగా. పందెం చేతిలోని ఫోన్‌లోకి వచ్చింది, అర్ధరాత్రి కూడా ఒక్క నొక్కుతో డబ్బు కట్టే వీలు కలిగింది. ఆ ఆటల్లో పిల్లల అంకె పెద్దల అంకె కన్నా ఎక్కువ.

భారతదేశంలో తరచూ ఉదహరించే అధ్యయనం కేరళది. ఎర్నాకుళం జిల్లాలోని 58 కాలేజీల్లో 5,580 మంది విద్యార్థులను సంజు జార్జ్, సహచరులు సర్వే చేశారు. ఫలితాలు 2016లో వచ్చాయి. ఎప్పుడైనా ఆడినవాళ్లు 19.5 శాతం, సమస్యాత్మకంగా ఆడేవాళ్లు 7.4 శాతం. అంటే ఆడినవాళ్లలో మూడో వంతుకు పైగా సమస్యలో ఉన్నారు. ఈ నిష్పత్తి భయపెట్టేదే, కానీ పైన చెప్పుకున్నవన్నీ ఇక్కడా గుర్తుపెట్టుకోవాలి. అడిగింది ఒక జిల్లా కాలేజీ పిల్లలనే, పైగా ప్రభుత్వ లాటరీలు నడిచే రాష్ట్రంలో. దీన్ని తెచ్చి తెలుగు రాష్ట్రాల మొత్తం జనాభాకు అంటగట్టడం తప్పు.

బయటి ప్రశ్నావళులను ఇక్కడ వాడటంలో ఇంకో చిక్కుంది. సౌత్ ఓక్స్ ప్రశ్నావళినే తీసుకోండి. ఇరవై అంశాల్లో తొమ్మిది, డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్నవే. ఇంటి ఖర్చుల డబ్బు, భార్య లేదా భర్త, బంధువులు, బ్యాంకు, క్రెడిట్ కార్డు, వడ్డీ వ్యాపారి, షేర్ల అమ్మకం, ఆస్తి అమ్మకం, చెల్లని చెక్కు. అమెరికా మధ్యతరగతి 1980లలో అప్పు చేసిన దారులివి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇదే అడగాలంటే బంగారం మీద అప్పు ఉండాలి, చీటీ పాడిన డబ్బు ఉండాలి, రోజువారీ ఫైనాన్స్ ఉండాలి, అన్నిటికీ మించి లోన్ యాప్ ఉండాలి. జూదం అప్పు కన్నా ఆ యాప్ నుంచి వచ్చే బెదిరింపు ఫోన్లే చాలా కుటుంబాలను కుదిపేస్తున్నాయి. ‘ఎవరైనా తప్పుబట్టారా’ అన్న ప్రశ్నకు కూడా ఇక్కడ జవాబు వేరుగా ఉంటుంది. హైదరాబాద్ హాస్టల్లో ఒంటరిగా ఉండి ఫోన్‌లో ఆడే కుర్రాడిని తప్పుబట్టడానికి పక్కన ఎవరుంటారు? ఇంట్లో ఆడవాళ్లకు విడిగా, వేరే కాగితం ఇచ్చి అడిగితే తప్ప పోయిన నగల సంగతి బయటికి రాదు.

ముందే కొలిచి పెట్టుకుంటే ఏం లాభమో నార్వే చూపించింది. అక్కడ 2007 జులై 1 నుంచి దుకాణాల్లోని స్లాట్ మిషన్లన్నీ తీసేశారు. అప్పటికే సర్వేలు ఉండటంతో, మళ్లీ అడిగి పోల్చగలిగారు. ఆడేవాళ్లూ తగ్గారు, సమస్యలో ఉన్నవాళ్లూ తగ్గారు, సహాయ కేంద్రానికి వచ్చే ఫోన్లూ తగ్గాయి. ఆ మిషన్ల దగ్గర ఆడినవాళ్లంతా వేరే ఆటలకు మళ్లిపోతారన్న భయం పెద్దగా నిజం కాలేదు.

భారత చట్టం దానికన్నా పెద్ద అడుగు. నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది, ఆడినవాళ్లను శిక్షించలేదు. పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఆడేవాళ్లు నిజంగా మానారా, విదేశీ యాప్‌లకూ టెలిగ్రామ్ గ్రూపుల్లోని బుకీలకూ మళ్లారా అన్నది ముందు, తర్వాత కొలిస్తేనే తేలుతుంది. పీజీఎస్ఐ అడిగేది గడిచిన పన్నెండు నెలల గురించే కాబట్టి, 2025 ఆగస్టుకు ముందటి ఏడాది ఎలా గడిచిందో 2026 ఆగస్టు దాటాక ఆ తొమ్మిది ప్రశ్నలతో తెలుసుకోలేం. ఆ రోజుల ఆనవాళ్లు మిగిలేది బ్యాంకు ఖాతాల్లో, యూపీఐ చెల్లింపుల్లో. పేర్లు తీసేసి, తేదీలూ మొత్తాలూ ఉంచి, లాయిడ్స్ ఖాతాలతో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన పని ఇక్కడి బ్యాంకులతోనూ చేయవచ్చు. చట్టం రాకముందు ఏ జిల్లాలో ఎంతమంది నెల జీతంలో సగం ఆ యాప్‌లకు కట్టారో, వచ్చాక వాళ్ల ఖాతాల్లో ఏం మారిందో అందులో కనిపిస్తుంది.